కొలెస్ట్రాల్ మాత్ర జీవితాంతం మింగాలంట. గుండెపోటే రాని మనిషికి అది నిజంగా ఎంత మేలు చేస్తుంది?

అనంత_శీను
పోయిన వారం ఆఫీసు వాళ్లు అందరికీ హెల్త్ చెకప్ చేయించారు. నాకు 46 ఏళ్లు. మొత్తం కొలెస్ట్రాల్ 226, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 148, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 41, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో ఇంకో రకం కొవ్వు) 185. బీపీ 128/82. షుగర్ లేదు. బీడీ, సిగరెట్ జీవితంలో ముట్టలేదు. రోజూ తెల్లారుజామున ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో గంట నడుస్తాను.

డాక్టర్ రిపోర్ట్ చూసి రెండు నిమిషాల్లో అటోర్వాస్టాటిన్ 10 రాశాడు. ఎన్నాళ్లు సార్ అంటే జీవితాంతం అన్నాడు. ఎందుకు సార్ అంటే నంబర్ ఎక్కువుంది కదా అన్నాడు. నా వెనక ఇంకా పదిమంది ఉన్నారు, లేచి వచ్చేశాను.

మాత్ర వేసుకుంటే నంబర్ తగ్గుతుందని నాకూ తెలుసు. నంబర్ తగ్గితే నా గుండెకు ఏమొస్తుంది? అది చెప్పేవాళ్లే లేరు. వాడుతున్న వాళ్లు, మానేసిన వాళ్లు, చదువుకున్న వాళ్లు చెప్పండి. మాత్రల షీటు టీవీ మీద పెట్టాను, ఇంకా చింపలేదు.

తుంగభద్ర_గాలి
చింపొద్దు శీనూ. నాది కర్నూలు. మూడేళ్ల కింద నాకూ ఇదే జరిగింది. రోసువాస్టాటిన్ 10 రాశారు. రెండు నెలలకే తొడలు, పిక్కలు పట్టేసినాయి. మా ఇంటి మేడ మెట్లు ఎక్కాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చింది. మానేసిన పది రోజులకు మామూలు మనిషినయ్యాను.

అయినా కొలెస్ట్రాల్ విషం కాదు కదా. మన కాలేయమే తయారు చేస్తుంది. ప్రతి కణం గోడకూ కావాలి, హార్మోన్లకు కావాలి. ఒళ్లు తనకు కావాలని చేసుకునేదాన్ని మందు పెట్టి ఆపడమేంది?

కడప_కారందోసె
మా చిన్నాయన ఎనిమిదేళ్లుగా వాడుతున్నాడు, ఏ నొప్పీ లేదు. చేను పని అంతా చేసుకుంటాడు. అందరికీ ఒకేలా ఉండదన్నా.

పెన్నా_ఒడ్డు
తుంగభద్ర అన్నా, మీరు మానేయడం మీ ఇష్టం. మింగొద్దని పదిమందికి చెప్పడం మాత్రం వద్దు.

మా నాయనకు 2019లో అటాక్ వచ్చింది, స్టెంట్ వేశారు. ఏడాదిన్నర అన్ని మాత్రలూ సరిగ్గా వేసుకున్నాడు. తర్వాత వాట్సాప్‌లో ఎవరో పంపిన వీడియో చూసి కొలెస్ట్రాల్ మాత్ర ఒక్కటి ఆపేశాడు. మాకెవరికీ చెప్పలేదు. తొమ్మిది నెలలకు మళ్లీ నొప్పి, ఈసారి ఇంకో రక్తనాళం. ఆసుపత్రిలో చేర్చినాక ఇంటికొచ్చి మందుల డబ్బా తెరిస్తే ఆ షీట్లన్నీ అట్లే ఉన్నాయి. మా అమ్మ వాటిని ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది.

మాత్ర మానడం వల్లే రెండోసారి వచ్చిందని నేను రుజువు చేయలేను. కానీ ఒకసారి అటాక్ వచ్చిన మనిషి వేరు, శీను వేరు. ఇక్కడ రాసేది ఇద్దరూ చదువుతారు.

తుంగభద్ర_గాలి
మీ నాయన విషయం విని బాధేసింది. అటాక్ వచ్చినవాళ్లు మానమని నేను అనలేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల గురించి అన్నాను.

లెక్కల_సారు
ఆ తేడానే అసలు విషయం. నేను ధర్మవరంలో లెక్కలు చెబుతాను, డాక్టర్ని కాదు. నాకు స్టెంట్ వేసినప్పటి నుంచి ఈ మందుల మీద జరిగిన పరీక్షలన్నీ కూర్చుని చదివాను. కొంచెం పొడవుగా రాస్తాను, ఓపికగా చదవండి.

ముందు అటాక్ వచ్చినవాళ్ల సంగతి. స్కాండినేవియా దేశాల్లో గుండె జబ్బు ఉన్న 4,444 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు సిమ్వాస్టాటిన్, ఇంకో గుంపుకు లోపల మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఫలితం 1994లో వచ్చింది. అయిదేళ్లు దాటాక చూస్తే ఉత్తుత్తి మాత్ర గుంపులో 256 మంది, మందు గుంపులో 182 మంది చనిపోయారు. అంటే నూటికి 12 మందికి బదులు 8 మంది. నూరు మందిలో నాలుగు ప్రాణాలు. దీని మీద వాదన పెట్టుకోవడానికి ఏమీ లేదు.

ఇక అటాక్ రానివాళ్లు. 2003లో వచ్చిన పరీక్ష ఒకటి ఉంది. బీపీతో పాటు ఇంకో మూడు ముప్పులైనా ఉన్న 10,305 మంది. శీనుకు రాసిన మందే, అటోర్వాస్టాటిన్ 10. సుమారు మూడేళ్ల మూడు నెలలు. ఉత్తుత్తి మాత్ర వాళ్లలో 154 గుండెపోట్లు, మందు వాళ్లలో 100. కంపెనీ ప్రకటనల్లో దీన్ని "36 శాతం తగ్గింది" అని పెద్ద అక్షరాల్లో వేశారు. అబద్ధం కాదు. కానీ ఒక్కో గుంపులో అయిదు వేల పైచిలుకు మనుషులున్నారు. అంటే నూటికి ముగ్గురికి బదులు ఇద్దరికి వచ్చింది. ముగ్గురిలో ఒకరు తప్పించుకున్నారన్నా నిజమే, నూరు మందిలో ఒక్కరు తప్పించుకున్నారన్నా నిజమే. మిగతా 97 మందికి ఆ మూడేళ్లలో మందు వేసుకున్నా వేసుకోకున్నా గుండెపోటు రాదు.

మన భాషలో చెప్పాలంటే, వాన మూడో వంతు తగ్గింది అంటే కోనసీమలో తగ్గిన నీళ్లు వేరు, అనంతపురంలో తగ్గిన నీళ్లు వేరు. మందు అందరికీ దాదాపు మూడో వంతే తగ్గిస్తుంది. దేంట్లో మూడో వంతు అన్నది మనిషిని బట్టి ఉంటుంది. శీనుకు రాబోయే పదేళ్లలో అటాక్ వచ్చే ముప్పు ఎంతో ముందు తెలియాలి. ఆయన డాక్టర్ చెప్పనిది అదే.

కడప_కారందోసె
సార్, వాన లెక్కతో నాకు ఇప్పుడు అర్థమైంది. మా పదో తరగతిలో మీరు ఉండుంటే నేనింకో మార్కు తెచ్చుకునేవాణ్ని 😀

అనంత_శీను
సారూ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. థాంక్స్. నా ముప్పు తక్కువైతే నూటికి ఒక్కరి కోసం మిగతా 99 మంది రోజూ మాత్ర మింగాలన్న మాట?

గండికోట_గాలి
చావుల లెక్క చెప్పండి సార్. అటాక్ రానివాళ్లలో ఆయుష్షు పెరిగిందా లేదా?

లెక్కల_సారు
మంచి ప్రశ్న. 2016లో వచ్చిన హోప్-3 అనే పరీక్ష చూద్దాం. నడిపినాయన సలీం యూసుఫ్. కేరళలో పుట్టి, బెంగళూరులో మెడిసిన్ చదివి, కెనడాలో స్థిరపడిన డాక్టర్. 21 దేశాల్లో 12,705 మంది, మన దేశం వాళ్లు కూడా ఉన్నారు. ఎవరికీ అంతకుముందు గుండె జబ్బు లేదు. రోసువాస్టాటిన్ 10, అయిదున్నర ఏళ్లు. గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బుతో చావు, మూడూ కలిపి మందు లేనివాళ్లలో నూటికి 4.8, మందు వాడినవాళ్లలో 3.7. మొత్తం చావులు 357, 334. ఆ తేడా మందు వల్లేనని గట్టిగా చెప్పలేం.

గండికోట_గాలి
చూశారా. అయిదున్నర ఏళ్లు మింగితే ఆయుష్షు పెరిగిందని చెప్పలేకపోయారు.

పెన్నా_ఒడ్డు
గండికోట గారూ, చావు ఒక్కటే లెక్కా? మా నాయన బతికే ఉన్నాడు. రెండో అటాక్ తర్వాత పాలు పితకలేడు, ట్రాక్టర్ ఎక్కలేడు. రెండు ఎకరాలు కౌలుకిచ్చాం. పక్షవాతం వచ్చి మంచాన పడితే ఆ మనిషి కూడా మీ లెక్కలో బతికినవాళ్ల గుంపులోనే ఉంటాడు.

గండికోట_గాలి
ఆ మాట ఒప్పుకుంటా.

తుంగభద్ర_గాలి
లెక్కలు బాగున్నాయి సార్, నా కాళ్ల నొప్పి ఏ లెక్కలో ఉంది?

మందులషాపు_పొద్దుటూరు
ఇరవై రెండేళ్లుగా కౌంటర్ వెనక నిలబడి ఈ మాత్ర ఇస్తున్నాను. నాకు తెలిసింది చెబుతా.

కండరాల నొప్పి ఉంది, లేదనేవాళ్లు అనుభవం లేనివాళ్లు. డోసు పెరిగితే ఎక్కువ. కొన్ని యాంటీబయాటిక్స్‌తో కలిస్తే ఎక్కువ, ముఖ్యంగా క్లారిత్రోమైసిన్‌తో సిమ్వా కలవకూడదు, అటోర్వాతోనూ జాగ్రత్త. జ్వరానికో గొంతు నొప్పికో మందు తెచ్చుకునేటప్పుడు ఈ మాత్ర వాడుతున్నామని చెప్పండి. చాలామంది చెప్పరు. కండరం బాగా కరిగి మూత్రం కాఫీ రంగులోకి వస్తే వెంటనే ఆపి ఆసుపత్రికి పోవాలి. అది చాలా అరుదు, ఇన్నేళ్లలో ఒక్క కేసు చూశాను. సెరివాస్టాటిన్ అనే మందుతో ఇది ఎక్కువగా వచ్చి 2001లో మార్కెట్ నుంచి తీసేశారు. ఇప్పుడున్నవి అంత ప్రమాదం కాదు.

గర్భం ధరించాలనుకునే ఆడవాళ్లు ముందే డాక్టర్‌కు చెప్పాలి. ఇదీ ఎవరూ అడగరు.

కంపెనీల గిరాకీ గురించి ఎవరైనా అనే ముందే చెబుతున్నా. పేటెంట్లు ఎప్పుడో అయిపోయాయి. జన్ ఔషధి షాపులో ఇది చాలా చవక. నాకు దీని మీద మిగిలేది గొప్పేం కాదు.

బెంగళూరులో_సీమోడు
తుంగభద్ర అన్నకు ఒక విషయం. మీ నొప్పి అబద్ధం అనడం లేదు, దయచేసి అట్లా తీసుకోవద్దు.

లండన్‌లో ఒక పరీక్ష చేశారు, 2020లో వచ్చింది. ఈ మందు పడక మానేసిన 60 మందిని తీసుకున్నారు. 12 సీసాలు ఇచ్చారు. నాలుగింట్లో అటోర్వాస్టాటిన్, నాలుగింట్లో ఉత్తుత్తి మాత్ర, నాలుగు ఖాళీ. నెలకొకటి, ఏది ఏ నెలలో వస్తుందో ముందుగా తెలియదు. రోజూ నొప్పికి నూటికి ఎన్నో మార్కు వేయాలి. ఖాళీ సీసా నెలల్లో సగటు 8. మందు నెలల్లో 16.3. ఉత్తుత్తి మాత్ర నెలల్లో 15.4. నొప్పి నిజంగానే రెట్టింపయింది. కానీ చాలా వరకు మాత్ర మింగుతున్నామన్న భయం వల్ల వచ్చింది, లోపలున్న మందు వల్ల కాదు. ఫలితం చూపించాక సగం మంది మళ్లీ వాడటం మొదలుపెట్టారు.

తుంగభద్ర_గాలి
అంటే నాది మనసు జబ్బా? గోడ పట్టుకుని మెట్లెక్కింది నేను, సీసాలు లెక్కపెట్టినవాళ్లు కాదు.

బెంగళూరులో_సీమోడు
మనసు జబ్బు అనలేదన్నా. నొప్పి నొప్పే. కొందరికి మందు వల్ల కూడా వస్తుంది, ఆ 60 మందిలోనూ ఉన్నారు. మీది ఏదో తెలుసుకునే దారి ఉంది అంటున్నా, అంతే.

ల్యాబ్_ఆదోని
తుంగభద్ర గారూ, అప్పుడు మీకు థైరాయిడ్ చూశారా? టీఎస్‌హెచ్?

తుంగభద్ర_గాలి
లేదు. కొలెస్ట్రాల్ ఒక్కటే చూశారు.

ల్యాబ్_ఆదోని
చేయించుకోండి. థైరాయిడ్ మందగిస్తే కొలెస్ట్రాల్ దానంతటదే పెరుగుతుంది. ఆ మనిషికి ఈ మాత్ర ఇస్తే కండరాల నొప్పులూ ఎక్కువ వస్తాయి. రెండూ ఒకే కారణం కావచ్చు. మా ల్యాబ్‌కు కొలెస్ట్రాల్ చీటీతో వచ్చేవాళ్లలో ఎంతోమందికి టీఎస్‌హెచ్ రాసి ఉండదు, చూసినప్పుడల్లా బాధగా ఉంటుంది.

శీనుకు కూడా ఇదే మాట. ఇంకొకటి, చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవరు, మిగతా మూడు నంబర్ల నుంచి లెక్కకడతారు. 226 లోంచి 41 తీసేసి, 185 లో అయిదో వంతు 37 తీసేస్తే 148. మీ రిపోర్టూ అట్లా కట్టిందే. ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే ఆ లెక్క పనికిరాదు. మీకు దాటలేదు కాబట్టి 148 సరైనదే అనుకోండి. ఒక్క రిపోర్టుతో జీవితాంతం నిర్ణయం మాత్రం తీసుకోవద్దు, ఇంకోసారి చేయించండి.

నంద్యాల_పద్మ
మా ఆయనకు 50 ఏళ్లు, ఆరేళ్లుగా షుగర్. ఈ మాత్ర వాడితే షుగర్ పెరుగుతుందని పక్కింటావిడ చెప్పింది. అప్పటి నుంచి నాకు టెన్షన్‌గా ఉంది. ఆపమందామా?

మందులషాపు_పొద్దుటూరు
ఆపొద్దమ్మా. షుగర్ అంచున ఉన్నవాళ్లకు ఈ మందుతో కొంచెం ముందే షుగర్ బయటపడే మాట నిజమే. సుమారు 255 మంది నాలుగేళ్లు వాడితే ఒకరికి కొత్తగా వస్తుందని 2010లో లెక్క తేల్చారు. కానీ మీ ఆయనకు ఇప్పటికే షుగర్ ఉంది. షుగర్ ఉండి నలభై దాటినవాళ్లకు గుండె ముప్పు ఎక్కువ, అందుకే వాళ్లకు ఈ మాత్ర రాయమని డాక్టర్ల నియమాలే చెబుతాయి. పక్కింటావిడ మాట విని ఆపొద్దు.

నంద్యాల_పద్మ
సరే అన్నా. ఇప్పుడు కొంచెం ధైర్యం వచ్చింది.

గండికోట_గాలి
నేను ఇంకా శీను మొదటి ప్రశ్న దగ్గరే ఉన్నా. నంబర్ తగ్గితే గుండెకు మేలేనా? టార్సెట్రాపిబ్ అనే మందు ఒకటి వచ్చింది. మంచి కొలెస్ట్రాల్‌ను బాగా పెంచేది, చెడు కొలెస్ట్రాల్‌ను తగ్గించేది. రిపోర్టులో అన్నీ ముత్యాల్లాంటి నంబర్లే. మందు వేసుకున్న గుంపులో చావులు పెరిగాయని 2006 డిసెంబర్‌లో ఆ పరీక్షే ఆపేశారు. కాబట్టి నంబర్ కోసం మందు అంటే నేను నమ్మను.

బెంగళూరులో_సీమోడు
అది నిజమే, ఆ మందు బీపీ పెంచింది, ఇంకా వేరే చేటూ చేసింది. అందుకే ప్రతి మందునూ గుండెపోట్ల మీద పరీక్షించాలి, నంబర్ మీద కాదు. స్టాటిన్లు, అంటే అటోర్వా, రోసువా, సిమ్వా లాంటి ఈ మాత్రలు, ఆ పరీక్ష చాలాసార్లు నిలబడి గెలిచినవి.

నంబర్ ముఖ్యమేనా అన్నదానికి మందుతో పనిలేని సాక్ష్యం ఉంది. పీసీఎస్‌కే9 అనే జన్యువు పుట్టుకతోనే పనిచేయనివాళ్లు కొందరుంటారు. 2006లో అమెరికాలో నల్లజాతివాళ్లలో అట్లాంటివాళ్లను చూస్తే ఎల్‌డీఎల్ 28 శాతం తక్కువ, గుండె జబ్బు 88 శాతం తక్కువ. అయిదేళ్ల మందు మూడో వంతు తగ్గిస్తే, పుట్టినప్పటి నుంచి తక్కువ ఉండటం అంత తగ్గించింది. రక్తనాళంలో పూడిక ఇరవై, ముప్ఫై ఏళ్లు పేరుకునేది. 46 ఏళ్ల మనిషికి అయిదేళ్ల లెక్క మాత్రమే చూపిస్తే అది సగం లెక్క.

మన ఒళ్లు చేసుకునేదే కదా అన్న తుంగభద్ర అన్న మాటకూ జవాబు ఇందులోనే ఉంది. తక్కువ ఎల్‌డీఎల్ వల్ల వాళ్లకు చేటు జరిగినట్లు కనిపించలేదు.

ఇంకొకటి. ఈ స్టాటిన్ రకం మందు మొదట దొరికింది బూజులో. జపాన్‌లో అకిరా ఎండో అనే ఆయన 1970ల్లో ఆరు వేల రకాల బూజులు వెతికి, క్యోటోలో బియ్యం మీద పెరిగిన బూజులోంచి పట్టుకున్నాడు. ఇంత మేలు చేసిన మనిషి పేరు మనకు తెలియకపోవడం నాకు బాధనిపిస్తుంది.

లెక్కల_సారు
ముప్ఫై ఏళ్ల మాట న్యాయమైనదే, ఒప్పుకుంటున్నా. కానీ ముప్ఫై ఏళ్లు మందు ఇచ్చి చూసిన పరీక్ష లేదు.

శీనూ, మీ ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండె జబ్బు ఉందా? మొదటి పోస్టులో రాయలేదు. మన దక్షిణాసియా వాళ్లకు మొదటి అటాక్ సగటున 53 ఏళ్లకే వస్తోంది, మిగతా దేశాలవాళ్లకు 58 దాటాక. 52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో తేలిన విషయం ఇది. కాబట్టి ఇంటి చరిత్ర మనకు చాలా ముఖ్యం.

అనంత_శీను
రెండు రోజులు ఆలోచించి రాస్తున్నా.

మా నాయన 51 ఏళ్లకు పోయాడు. చెనక్కాయ పీకే రోజులు. మధ్యాహ్నం చేలో ఛాతీ పట్టేసిందన్నాడు. గ్యాస్ అనుకున్నాం. మా అమ్మ వాము నీళ్లు కలిపి ఇచ్చింది. గట్టు మీద చెట్టు నీడలో పడుకున్నాడు, మళ్లీ లేవలేదు. ఈసీజీ తీసినవాళ్లు లేరు, ఏ కాగితం మీదా గుండెపోటు అని లేదు. అందుకే ఎవరైనా ఫ్యామిలీ హిస్టరీ అడిగితే లేదనే చెబుతూ వచ్చాను. ఈసారి డాక్టర్ అడగనూ లేదు, నేను చెప్పనూ లేదు.

సార్ అడిగినాక రాత్రంతా నిద్ర పట్టలేదు. అది గ్యాస్ కాదు కదా.

పెన్నా_ఒడ్డు
శీనన్నా 🙏 మీ తప్పు కాదు. ఆ రోజుల్లో మన పల్లెల్లో అందరం అదే అనుకునేవాళ్లం.

మందులషాపు_పొద్దుటూరు
శీనూ, 55 లోపు తండ్రి అట్లా పోయాడంటే నీ లెక్క మారిపోతుంది. మళ్లీ డాక్టర్ దగ్గరికి పో. వీలైతే సాయంత్రం, జనం తక్కువున్నప్పుడు. ఇది మొదటి మాటగా చెప్పు. లైపోప్రొటీన్-ఏ అని, ఎల్‌డీఎల్ లాంటి ఇంకో కొవ్వును చూసే రక్తపరీక్ష ఉంది, జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే చాలు, అది వంశపారంపర్యం. ఇంకా తేలకపోతే గుండె రక్తనాళాల్లో కాల్షియం చూసే సీటీ స్కాన్ ఉంది. సున్నా వస్తే కొన్నాళ్లు ఆగొచ్చేమో డాక్టర్‌ను అడుగు.

తుంగభద్ర_గాలి
శీనూ, మొదట చింపొద్దు అన్నది నేనే. మీ నాయన సంగతి తెలిసుంటే ఆ మాట అనేవాణ్ని కాదు. నా విషయం కూడా చెబుతా, నిన్న టీఎస్‌హెచ్ చేయించా. 11.2 వచ్చింది, ఎక్కువే, అంటే థైరాయిడ్ మందగించిందట. ఆదోని ల్యాబ్ అన్నకు దండం.

ల్యాబ్_ఆదోని
ముందు థైరాయిడ్‌కు మందు మొదలుపెట్టించుకోండి. అది దారికొచ్చాక కొలెస్ట్రాల్ మళ్లీ చూద్దాం. చాలామందికి సగం సమస్య అక్కడే తీరుతుంది.

గండికోట_గాలి
నా అభిప్రాయం మారలేదు. అందరికీ రెండు నిమిషాల్లో రాసే పద్ధతి తప్పే. శీను విషయంలో మాత్రం నేనైనా వేసుకునేవాణ్ని.

అనంత_శీను
నిన్న సాయంత్రం వెళ్లొచ్చాను, వేరే డాక్టర్. నాయన సంగతి మొదటే చెప్పాను. పెన్ను కింద పెట్టి ఇరవై నిమిషాలు మాట్లాడింది ఆ అమ్మ. టీఎస్‌హెచ్ మామూలుగానే ఉంది. కొలెస్ట్రాల్ రెండోసారి చేయిస్తే ఎల్‌డీఎల్ 151. లైపోప్రొటీన్-ఏ రక్తం ఇచ్చాను, రిపోర్ట్ సోమవారం వస్తుంది. అది ఎట్లా వచ్చినా అటోర్వా 10 మొదలుపెట్టమంది, మూడు నెలలకు మళ్లీ చూద్దామంది. కాళ్లు నొప్పి పుడితే మానేయకుండా ఫోన్ చేయమంది. రాత్రి షీటు చింపాను.

మా తమ్ముడికి 41, తాడిపత్రిలో ఉంటాడు, సిగరెట్లు కాలుస్తాడు. వాణ్ని ఆదివారం పిలిపిస్తున్నా.

నంద్యాల_పద్మ
అందరూ ఉండగా ఇంకొకటి అడుగుతా. మా అత్తకు 78 ఏళ్లు. గుండె జబ్బు లేదు, షుగర్ లేదు. ఆమెకు కూడా ఇప్పుడు కొత్తగా ఈ మాత్ర రాశారు. ఆమెకు అవసరమా?

లెక్కల_సారు
అమ్మా, 75 దాటి, గుండె జబ్బు లేనివాళ్లలో సాక్ష్యం పలచగా ఉంది. వాళ్ల కోసమే ప్రత్యేకంగా పెద్ద పరీక్షలు పెట్టారు. ఆమె రోజూ ఎన్ని మాత్రలు వేసుకుంటుందో, నడక ఎట్లా ఉందో రాయండి, మందుల షాపు అన్న కూడా చూస్తారు.

నంద్యాల_పద్మ
రాత్రికి చీటీలన్నీ చూసి రాస్తా సార్.